చూలై మిద్దె, ఇరవై మీటర్ల తీగ

సోమవారం ఉదయం దుకాణం తెరిచిన పావుగంటకే ఆ అమ్మాయి వచ్చి రాగితీగ చుట్టను కౌంటరు మీద పెట్టింది. విసరలేదు, పెట్టింది. ఆ పెట్టడంలో విసరడం కంటే ఎక్కువ కోపం ఉందని శ్రీకుమార్‌కు వెంటనే అర్థమైంది.

"శనివారం మీ దగ్గర కొన్నా. పది మీటర్ల ఏడు సెంటీమీటర్లు, రెండు ముక్కలు. బిల్లు మీద కూడా అదే రాసినారు. ఇవి ఆ కొలత కాదు."

చెన్నైలోని చూలై పేటలో మూడు తరాలుగా తీగలూ తాళ్ళూ అమ్ముతున్న ఇంటివాడు శ్రీకుమార్. కొలత తగ్గిందన్న మాట ఆ దుకాణం ఎన్నడూ పడలేదు. అతను చుట్ట విప్పి, ఇత్తడి గీతలు దిగిన కౌంటరు అంచు వెంట రెండు ముక్కలనూ కొలిచాడు. కొలిచాక అతని భుజాలు తేలికపడ్డాయి.

"తక్కువ లేదండీ. ఒక్కో ముక్కకు జానెడు ఎక్కువే ఉండాది. అది మా కొసరు. మా తాత కాలం నుంచి ఏది కొలిచినా చివర జానెడు వదిలి కోస్తాం."

"ఎవురు అడిగినారు?"

"ఎవురూ అడగరు. అడిగితే అది కొసరు ఎట్లవుతాది?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. కోపం పోలేదు గానీ, ఎదుటివాడి మాటలో పస ఉందే అన్న అనుమానం దాని పక్కన వచ్చి నిలబడింది.

"నేను కొలత పరికరాలు సరిచూసే ఉద్యోగం చేస్తా సార్. నా పనిలో తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే. మీ జానెడు మర్యాద నా యాంటెన్నాను తీసుకొనిపోయింది."

యాంటెన్నా అన్న మాటకు శ్రీకుమార్ కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే సంగతంతా చెప్పింది.

పేరు సంయుక్త. తిరువొత్తియూరులో తండ్రితో కలిసి ఒక అపార్ట్‌మెంటులో ఉంటుంది. ఏడాది కిందట పరీక్ష రాసి అమెచ్యూర్ రేడియో లైసెన్సు తెచ్చుకుంది. అంటే సొంత రేడియో పెట్టుకొని, ఎక్కడో ఉన్న అలాంటి మరో మనిషితో నేరుగా గాలిలో మాట్లాడవచ్చు. లైసెన్సు ఉంది, రేడియో ఉంది, యాంటెన్నా కట్టుకోవడానికి చోటు లేదు. బంధువుల ఇళ్ళు రెండు అడిగింది. నోటితో సరేనన్నవాళ్ళే పిడుగు పడుతుందేమోనని మర్నాడు వద్దన్నారు. చివరికి తమ అపార్ట్‌మెంటు సెక్రటరీ ఒక్క ఆదివారం గడువిచ్చాడు. సాయంత్రం నాలుగింటికి అందరి ముందూ పనిచేసి చూపించాలి, ఎవరి టీవీ చెదరకూడదు.

యాంటెన్నా అంటే ఆమె లెక్కలో రెండు తీగలే. అయితే ఆ తీగల పొడుగే దాని స్వరం. జానెడు పెరిగితే స్వరం దిగిపోతుంది, తనకు అనుమతించిన చోటు దాటి ఎక్కడో పలుకుతుంది. నాలుగింటికి రేడియో మౌనంగా ఉంది. తప్పెక్కడుందో కనిపెట్టి తీగ దించేలోగా సెక్రటరీ చేతులు దులుపుకొన్నాడు.

"తప్పు పూర్తిగా మీదే కాదు," అంది చివరికి, అంతవరకు మోసుకొచ్చిన బరువును సగం తన వైపు లాక్కుంటూ. "మీరిచ్చింది నేను మళ్ళీ కొలుచుకోవాల. మూడు తరాల నమ్మకం అని బోర్డు చూసి నమ్మేసినా. నా పనిలో అది పెద్ద తప్పు."

శ్రీకుమార్ కౌంటరు కింద ఎప్పుడూ ఒక తత్త్వశాస్త్ర గ్రంథం ఉండేది. బేరం లేని వేళల్లో చదువుకొనేవాడు. ఇవ్వడం గురించి అందులో ఎన్నో మాటలున్నాయి. తీసుకొనేవాడికి ఏం కావాలో అడగకుండా ఇచ్చినది ఎవరి సంతోషం కోసం ఇచ్చినట్టు అన్న ప్రశ్న మాత్రం అతనికి పుస్తకంలో ఎదురుకాలేదు. సోమవారం పొద్దున, రాగితీగ రూపంలో ఎదురైంది.

"మా మిద్దె ఉండాది," అన్నాడు. "అరవై అడుగుల పొడుగు. సాలుతాదా?"

ఆమె అప్పుడు కూర్చుంది.

*

మిద్దె శ్రీకుమార్‌ది కాదు, అతని అవ్వ వాసవాంబది. ఇంట్లో అందరికీ గదులున్నాయి, ఆమెకు ఆకాశం ఉంది. వడియాలు, మిరపకాయలు, చింతపండు, ఏవి ఏ మూల ఎండాలో ఆమె నిర్ణయం. పైగా అది ఆడి, మన ఆషాఢంలాంటి తమిళ మాసం. ఆ ఇంట్లో ఆడిలో కొత్త చీపురు కూడా కొనరు.

ఇది కొత్త పని కాదని శ్రీకుమార్ వాదించాడు. తిరువొత్తియూరులో ఒకసారి ఎత్తి దించినదే, మళ్ళీ ఎత్తుతున్నాం, అంతే. అవ్వ అతని వంక చాలాసేపు చూసి, ఇంత తెలివి చదువుకునే రోజుల్లో ఎక్కడ దాచుకున్నావని అడిగింది. పిడుగు మాట వచ్చినప్పుడు సంయుక్త దాచిపెట్టలేదు. ఎర్తు తీగ దింపుతానని, ఉరుము వినగానే కేబుల్ ఊడదీస్తానని, అయినా భయమైతే మానేద్దామని చెప్పింది. పూర్తిగా భరోసా ఇవ్వని మనిషిని అవ్వ వెంటనే నమ్మింది. అనుమతి రాసిమ్మని మాత్రం సంయుక్త పట్టుబట్టింది.

"నోటి మాట సాలదా పాపా? కాయితం ఎందుకు?"

"నోటి మాట మీద మూడు మిద్దెలు ఎక్కి దిగినా అవ్వా. కాయితం లేకుండా ఇంక మేకు కొట్టను."

అవ్వ నవ్వి, దుకాణం లెటర్‌హెడ్ తెప్పించి, ఆడి ముగిసేదాకా అని రాయించి సంతకం పెట్టింది. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత చెప్తానంది.

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది. మిద్దె నడుమ నీళ్ళ ట్యాంకు గోడకు ఆనించి ఇరవై అయిదు అడుగుల సరుగుడు కర్ర నిలబెట్టారు. దాని కొనకు ఒక చిన్న గిలక కట్టి ఉంచారు. తాడు లాగితే యాంటెన్నా పైకి, వదిలితే కిందికి. ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి మధ్యలో. దానికి ఇటొక తీగ, అటొక తీగ. మధ్య నుంచి కిందికి నల్లటి కేబుల్. తీగలు రెండూ ఇంటి కప్పులా రెండు వైపులా వాలి, నైలాన్ తాళ్ళతో మిద్దె చివరల్లోని పొట్టి కర్రలకు చేరాలి. రేడియో పలికేటప్పుడు తీగ కొసల్ని ఎవరూ తాకకూడదు గనుక, వాటిని మనిషి చేతికి అందనంత ఎత్తులో ఆపాలి.

"ఈ ముడి నిలవదు," అన్నాడు శ్రీకుమార్, ఆమె కట్టిన కొసను చూసి.

"నిలుస్తుంది. ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకున్నా."

"ఇంటర్నెట్‌లో వాన పడదు కదండీ."

ఆమె ముడి విప్పి తాడు అతని చేతికిచ్చింది. రెండు చుట్లు, ఒక మెలిక, ఒక లాగు. తాడు అమ్మేవాడి వేళ్ళు ఆలోచించుకోకుండా చేసిన పనిని ఆమె ఆలోచిస్తూ చూసింది. మళ్ళీ చేయమంది. మూడోసారి తానే కట్టి, లాగి చూసుకొని, బావుందని తాడుకు చెప్పింది, అతనికి చెప్పలేదు.

తర్వాత మీటరు తీసింది. పైకి వెళ్ళిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగొస్తున్నదో దాని ముల్లు చూపిస్తుంది. ముందు రెండు జానలూ కోసేశారు. అయినా ముల్లు ఒప్పుకోలేదు. తీగలు వాలినప్పుడు లెక్క కాస్త మారుతుందట. మళ్ళీ దించారు.

"ఎంత కోయాల?"

"రెండు సెంటీమీటర్లు. ఈ పక్క ఎంతో ఆ పక్క అంతే."

"అంటే, ఒక జానెడు వదిలి..."

"శ్రీకుమార్ గారూ."

"ఊరికే అన్నానండీ."

నాలుగుసార్లు దించి నాలుగుసార్లు ఎత్తారు. అవ్వ పైకి వచ్చి, ఇంత గట్టిగా కట్టిన తీగ ఒక చీర ఆరేసుకోవడానికైనా పనికిరాదా అని విచారించి, మజ్జిగ ఇచ్చి దిగిపోయింది. అయిదోసారి ముల్లు ఒక్క కదలిక కదిలి, కావలసిన చోట నిద్రపోయినట్టు పడుకుంది.

సంయుక్త మైకు పట్టుకొని, లైసెన్సుతో వచ్చిన తన గుర్తుపేరు, కాల్ సైన్ చెప్పి, వింటున్నవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగింది. హోరు తప్ప ఏమీ లేదు. మళ్ళీ అడిగింది. ఆ హోరు అడుగున ఎవరో దుప్పటి తొలగించినట్టు ఒక గొంతు లేచింది. తూత్తుకుడి నుంచి ఒక పెద్దాయన. అమ్మా, వినిపిస్తున్నావు అన్నాడు.

అంతే అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమె ముఖంలో వచ్చిన వెలుగును శ్రీకుమార్ చూశాడు. చూడకుండా ఉండవలసిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు, ఒక్కసారీ నిజాయితీగా అనుకోలేదు.

ఫోను ఉండగా ఇంత శ్రమ ఎందుకని అతను అడిగితే ఆమె తాడు చుట్టుకుంటూ చెప్పింది.

"ఫోన్‌లో మనకు తెలిసినవాళ్ళని పిలుస్తాం. దీంట్లో, వినేవాళ్ళు ఉండారా అని మాత్రం అడుగుతాం. మనుషుల మధ్య ఆ ప్రశ్న అడిగే ధైర్యం నాకు లేదు. ఈడ ఉండాది."

*

ఆడి ఆదివారాలు అలా గడిచాయి. మధ్యాహ్నం రెండింటికి ఆమె రావడం, నాలుగున్నరకు అవ్వ కాఫీ, ఆరింటికి తిరుగు ప్రయాణం. ఆమె ఊళ్ళ పేర్లు నోటుపుస్తకంలో రాసుకొనేది. అతను ట్యాంకు నీడలో కూర్చొని పుస్తకం తెరిచి, చదివిన పేజీనే చదివేవాడు. ఆదివారం అన్నది వారంలో ఒక రోజు కాక వారం చేరుకునే చోటుగా మారింది.

మూడో ఆదివారం వాన వచ్చింది. చెన్నై ఆగస్టు వాన కబురు పెట్టి రాదు. పడమట ఒక్క ఉరుము వినిపించగానే ఆమె కేబుల్ ఊడదీసింది, అతను రేడియోను ఛాతీకి హత్తుకొని పరుగెత్తాడు. మెట్ల గది తలుపు దగ్గర ఇద్దరికీ చాలినంత చోటు లేదు. ఉన్న చోటును ఇద్దరూ రేడియోకే ఇచ్చారు.

సంయుక్త తడిసిన కళ్ళద్దాలు తీసి, తుడవడానికి పొడి గుడ్డ కోసం వెతికింది. ఆమె దగ్గర లేదు. అతని భుజం మీద ఒక తువాలు ఉంది. ఆమె అడగలేదు, అతను ఇవ్వలేదు. ఆమె తువాలు కొస పట్టుకొని, అతని భుజం మీదే ఉంచి అద్దాలు తుడుచుకుంది. ఆ కాసేపు అతను ఆ గోడకు మేకు కొట్టినట్టు నిలబడిపోయాడు.

"మీరు ఊపిరి పీల్చుకోవచ్చు," అంది అద్దాలు పెట్టుకుంటూ.

"పీల్చుకుంటానే ఉండా."

"లేదు. నేను కొలతల మనిషిని."

వాన వెలిసింది. అతనిలో అది వెలవలేదు.

*

ఆ వారంలోనే అవ్వ అతన్ని మిద్దె మీదికి పిలిచింది. వడియాల గుడ్డ రెండో కొస పట్టుకోమంది. ఇద్దరూ గుడ్డ దులిపాక సూటిగా సంగతిలోకి వచ్చింది.

"పాప మంచిది. అందుకే చెప్తుండా. ఆడి అయిపోతే వీధిలో నాలుగు నోర్లు లేస్తాయి. ఆ పిల్ల ఈ మెట్లు ఎక్కాలంటే ఈ ఇంటి కోడలుగా ఎక్కాల. నువ్వు అడగతావో, నేను అడగాల్నో చెప్పు. రెండూ కాదంటే కర్ర దించు. కాయితంలో ఆడి దాకా అనే రాసినా."

శ్రీకుమార్‌కు కావలసింది అదే. అవ్వ దీవెన అడగకముందే దొరికింది. అయినా ఆ సాయంత్రం దుకాణంలో అతనికి లోపల ఏదో ఒప్పలేదు.

ఇప్పుడు అడిగితే ఆమె ఏమంటుంది? అవునన్నా, ఆ అవునులో ఈ మిద్దె ఎంత, తను ఎంత? కాదంటే, ఏడాది తిరిగి సంపాదించుకున్న చోటు ఆ ఒక్క మాటతో పోతుంది. ఒక మనిషి బతుకులో ఎంతో ఇష్టపడి కట్టుకున్నదాన్ని తన చేతిలో పెట్టుకొని, నన్ను ప్రేమిస్తావా అని అడగడం ప్రశ్న కాదు. దానికి ఇంకేదో పేరుంది, ఆ పేరు అతనికి నచ్చలేదు.

ముందు ఆమె చేతికి మరో మిద్దె రావాలి. ఆమె కాదని చెప్పినా చెక్కుచెదరని మిద్దె. అడగడం ఆ తర్వాత.

మర్నాడే తొండియార్‌పేట వెళ్ళాడు. అక్కడ హార్బరు దారిలో అతని స్నేహితుడు ఆనందన్‌కు తాళ్ళ గోడౌను ఉంది. పైన విశాలమైన ఖాళీ మిద్దె. వీధి వైపు నుంచి వేరే మెట్లు. మూడేళ్ళకు కాగితం కావాలని, పేరు సంయుక్తదని, తనతో దానికి ఏ సంబంధం ఉండకూడదని శ్రీకుమార్ చెప్పాడు.

"సంబంధం ఉండకూడదని ఇంత దూరం వచ్చినావా?" అన్నాడు ఆనందన్. "నిన్ను ఇస్కూలు నుంచి చూస్తుండా పా. తాడు కొనే మొగం కాదిది."

సంతకం మాత్రం పెట్టాడు.

ఆడి ముగిసిన మర్నాడు, అంటే శనివారం నాడు, శ్రీకుమార్ కర్ర దించాడు. తీగలను విడివిడిగా చుట్టి, కేబుల్‌ను వేరే కట్టి, ఏది ఏదో చీటీలు పెట్టాడు. మెట్ల మీద కూర్చొని చూస్తున్న అవ్వకు కారణం చెప్పాడు.

"మీ తాత నన్ను ఏమీ అడగలా," అంది అవ్వ. "మా నాయన్ను అడిగినాడు. నువ్వు ఆ పిల్లనే అడగాలంటుండావు. సెరి, పోయి అడుగు. కాదంటే మాత్రం నా ముందర మొగం వేలాడేసుకోవద్దు."

*

ఆదివారం రెండింటికి సంయుక్త మిద్దె ఎక్కి, కర్ర లేని ఆకాశం చూసి ఆగిపోయింది.

అతను ఎన్నో వాక్యాలు సిద్ధం చేసుకున్నాడు. తొండియార్‌పేట కాగితం ఆమె చేతిలో పెట్టాక ఒక్కటీ మిగలలేదు. అక్కడ మూడేళ్ళ వరకూ ఎవరూ అడగరని, వేరే మెట్లున్నాయని, తన అవసరమే ఉండదని చెప్పాడు. చెప్తున్నకొద్దీ ఆమె ముఖం మూసుకుపోతూ వచ్చింది.

"నాలుగో మిద్దె," అంది. "మీరే నయం. వద్దన్నప్పుడు ఇంకో అడ్రసు కూడా ఇచ్చినారు."

"అది కాదండీ. మీరు ఆడ అంతా కట్టుకోండి. గాలిలో మాట్లాడండి. అప్పుడు నేనొచ్చి ఒక మాట చెప్తా. ఇప్పుడు చెప్పకూడదు."

"ఎందుకు చెప్పకూడదు?"

"ఇప్పుడు చెప్తే, మీరు కాదనలేరేమో అని."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు చేసి బ్యాగులో పెట్టుకుంది. అర్థమైందో కాలేదో ముఖం చెప్పలేదు. వస్తువులన్నీ ఆటోలో పెట్టించి, వెనక్కి చూడకుండా వెళ్ళింది. మూడు వారాలు ఫోను రాలేదు. శ్రీకుమార్ చేయలేదు. చేస్తే తాను చేసిన పనికి అర్థం ఉండదని పుస్తకం తెరవకుండానే తెలుసు. తెలిసినందువల్ల రోజులు పొట్టివి కాలేదు.

మూడో ఆదివారం ఉదయం ఆనందన్ ఫోను చేశాడు. యాంటెన్నా లేచిందని, ఆ పాప ఒక్కతే మొత్తం కట్టుకుందని, ముడులు చూస్తే మీ దుకాణంలో పుట్టినట్టున్నాయని చెప్పాడు.

శ్రీకుమార్ ఆ మధ్యాహ్నమే మెట్లు ఎక్కాడు. సముద్రపు గాలికి తీగలు సన్నగా మోగుతున్నాయి. సంయుక్త రేడియో ముందు కూర్చొని ఉంది. అతన్ని చూసి హెడ్‌ఫోను ఒక చెవి మీది నుంచి జరిపింది, లేవలేదు.

ఈసారి అతను వాక్యాలేమీ తెచ్చుకోలేదు.

"ఈ మిద్దె మీది. నేను చెప్పబోయే దానికి మీరు కాదన్నా మీదే. ఆనందన్‌కు గట్టిగా చెప్పినా. ఇంక చెప్తుండా. మీరంటే నాకు ఇష్టం. పెళ్ళి చేసుకుందామా అని అడగడానికొచ్చినా. మా అవ్వకు తెలుసు, సమ్మతమే. మీకు కాదనిపిస్తే ఒక్క మాట చాలు, కిందికి దిగిపోతా."

సంయుక్త హెడ్‌ఫోను పూర్తిగా తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"చూలైలో మీ చుట్టూ ఏముండాయో ఎప్పుడన్నా లెక్కబెట్టినారా? రెండు వెల్డింగు షాపులు, ఒక మోటారు వైండింగు షాపు. ఆదివారం కూడా మూయరు. వాటి కరెంటు రొద అంతా మీ మిద్దె మీదికి వస్తుంది. పది గొంతుల్లో ఆరు నాకు వినపడలేదు. ఈడ చూడండి, శ్రీలంక కూడా గదిలో ఉన్నట్టు మాట్లాడుతుంది."

"చెప్పుంటే ముందే ఈడికి..."

"మొదటి ఆదివారమే తెలిసిపోయింది నాకు. రేడియోకు అంత పనికిరాని మిద్దె ఈ ఊళ్ళో ఇంకోటి లేదు." ఆమె అతని కళ్ళలోకి నేరుగా చూసింది. "అయినా ఆడి మొత్తం వచ్చినా. తిరువొత్తియూరు నుంచి, రెండు బస్సులు మారి. మీరేమో నాకు మిద్దె లంచం ఇచ్చినట్టు అవుతుందని పెద్ద ఆలోచన చేసి కర్ర దించినారు. మీ మిద్దె కోసం ఎవురొచ్చినారు?"

తత్త్వశాస్త్రంలో దీనికి జవాబు ఉంటే ఉండవచ్చు. శ్రీకుమార్‌కు నవ్వు ఒక్కటే వచ్చింది. అతను మిద్దె మీద అలాగే చతికిలబడ్డాడు.

"రెండు వారాలు కోపంగా ఉన్నా," అంది. "మూడో వారం మీరు చేసింది అర్థమయింది. అర్థమయినాక ఇంకా కోపం వచ్చింది, ఇంత మంచితనం మీద ఎట్ల పోట్లాడేది అని. మా నాయనకు మన సంగతి నిన్ననే చెప్పేసినా. ఆయన పేరు గోపాలయ్య. తాళ్ళ గురించి మాట్లాడద్దు, క్రికెట్ గురించి మాట్లాడండి."

స్పీకరులో ఒక గొంతు లేచి ఆమె కాల్ సైన్ పిలిచింది. కడప నుంచి ఒక ఆయన, శుభ్రమైన తెలుగులో. సంకేతం అద్దంలా ఉందని, స్టేషను ఎక్కడి నుంచి పలుకుతోందని అడిగాడు.

సంయుక్త మైకు అందుకుంది. మాట్లాడేముందు శ్రీకుమార్ వైపు చూసింది, ఆ చూపులో అనుమతి అడగడం లేదు.

"తొండియార్‌పేట, చెన్నై నుంచి అండీ. యాంటెన్నా ఈడే ఉంటుంది. మనిషి మాత్రం త్వరలో చూలైకి మారుతుంది."

ఒక క్షణం హోరు. కొత్త ఇల్లా అమ్మా అన్నాడు కడప ఆయన.

"ఇల్లు పాతదేనండీ," అంది సంయుక్త. "నేనే కొత్త."